ఎడమవైపు చూపు పోయిన రొయ్యల రైతు: ‘కనపడలా’ అన్న జవాబును ఎలా చదవాలి

రోగి 54 ఏళ్ల పురుషుడు. నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో సముద్రానికి దగ్గరి ఊరు. ఆరెకరాల గుంటల్లో వనామి రొయ్యలు పెంచుతారు. ఎనిమిదేళ్లుగా బీపీ ఉంది, మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకోవటం అలవాటు. షుగరు లేదు. నెల్లూరు పొగతోటలో నేను చూసే ఓపీకి భార్య, కొడుకు ఆయన్ను తీసుకొచ్చేసరికి లక్షణం మొదలై నాలుగు రోజులైంది. రోగి, కుటుంబం ఒప్పుకున్న మీదటే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

ఆయన చెప్పుకున్న బాధ ఒక్కటే: “ఎడమ కన్ను పోయింది సార్.” ఒక తెల్లవారుజామున గుంట కట్ట మీద నడుస్తుండగా తల వెనుక కుడివైపు నొప్పి వచ్చిందని, కాసేపటికి ఎడమవైపు ఉన్న, నీళ్లకు గాలి అందించే ఏరియేటర్లు మాయమైపోయాయని, కుడివైపువి మాత్రం ఎప్పటిలాగే కనపడ్డాయని వివరించారు. కాళ్లూ చేతులూ బాగానే ఆడాయి, మాట తడబడలేదు, మూతి వంకర పోలేదు. అందుకే ఇది పక్షవాతమని ఇంట్లో ఎవరికీ తోచలేదు. దారిలో ఒకచోట కళ్లు చూపించుకుంటే ఎడమ కంట్లో శుక్లం మొదలైందని, ఆపరేషన్ చేయించుకోవచ్చని చెప్పి పంపారట. శుక్లం ఉన్నమాట నిజమే, రెండు కళ్లలోనూ కొద్దికొద్దిగా ఉంది. కానీ ఒక కన్ను మూసి రెండో కంటితో చూడమని అడిగి ఉంటే సంగతి అక్కడే బయటపడేది. ఎడమ కన్ను మూసినా, కుడి కన్ను మూసినా ఆయనకు పోతున్నది ఎడమ సగమే. కన్ను చెడితే ఆ కంటి చూపు పోతుంది, మెదడు వెనుక భాగం ఒకవైపు దెబ్బతింటే రెండు కళ్లలోనూ ఎదుటివైపు సగం పోతుంది. ఎడమ సగం పోయినవాళ్లు ఎడమ కన్ను పోయిందనే చెప్పుకుంటారు, దాన్ని అనువదించుకోవలసింది మనమే. నాలుగున్నర గంటల్లోపు వచ్చి ఉంటే గడ్డను కరిగించే ఇంజక్షన్ గురించి ఆలోచించే వీలుండేది, ఆ సమయం ఎప్పుడో దాటిపోయింది.

ఎమ్మారైలో కుడి ఆక్సిపిటల్ లోబ్‌లో, మెదడు వెనుక భాగానికి రక్తం ఇచ్చే ధమని పరిధిలో, తాజాగా రక్తప్రసరణ ఆగిన మచ్చ కనిపించింది. కంటి నుంచి వచ్చే సమాచారం మెదడు పైపొర అయిన వల్కలంలో మొదట చేరే చోటు, అంటే మేం వి1 అని పిలిచే ప్రాథమిక దృశ్య వల్కలం, అందులో చాలామటుకు పోయింది. దాని వెనుక కొసలో కొంత మిగిలింది, అందుకే నేరుగా చూసే చోట చూపు చెడలేదు, అక్షరాలు చదవగలిగారు. మెదడు పక్క భాగంలో, కదలికను పట్టే ఎం.టి. అనే ప్రాంతం ఉండే చోట, మచ్చ లేదు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది. గుండె లయను గంటల తరబడి నమోదు చేసే హోల్టర్‌లో గుండె లయ తప్పుతున్నట్టు తేలింది, గుండెలో కట్టిన గడ్డ మెదడుకు చేరటానికి కారణం అదే. రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్ర మొదలుపెట్టాం, బీపీ మాత్రలు సరిచేశాం. వైద్యం వరకు ఇందులో వింత ఏమీ లేదు.

వింత మంచం పక్కన చేసిన పరీక్షలో ఎదురైంది. ఆయన నా ముక్కు వైపు చూస్తుండగా ఎడమవైపు నా వేళ్లు నిలిపి ఎన్ని అని అడిగితే, “అక్కడ ఏం లే సార్” అన్నారు. పదిసార్లు అడిగినా అదే జవాబు. అదే చేతిని అక్కడే ఉంచి వేళ్లు ఆడించగానే కొంచెం తటపటాయించి, “ఏదో అల్లాడినట్టుంది గానీ, కనపడలా” అన్నారు. ఎటు కదిలిందో చెప్పమంటే, “కనపడందాన్ని ఎట్టా చెప్పేది?” అని విసుక్కున్నారు. పోనీ ఊరికే ఒకటి అనుకోండి అని బతిమాలితే పైకనో కిందికనో అన్నారు. అన్నవాటిలో ఎక్కువ సరైనవే.

ఈ లోపల కొడుకు నన్ను బయటికి పిలిచి, తండ్రి నటిస్తున్నాడేమోనని తనకు అనుమానంగా ఉందని చెప్పాడు. ఎదురుగా ఎడమవైపు పెట్టిన మంచినీళ్ల గ్లాసు కనపడదంటాడు, కానీ నిన్న సాయంత్రం ఎడమవైపు నుంచి కుక్క ఉరికొస్తే ఠక్కున పక్కకు జరిగాడు. ఈసారి పంట దెబ్బతింది, అప్పులున్నాయి, మనసు బాగాలేక ఇలా చేస్తున్నాడేమో. “స్కానులో తెలిసిపోతుందా సార్, మా నాయనకు నిజంగా కనపడతా ఉందో లేదో?” ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పలేకపోవటం వల్లనే మిగతా పరీక్షలన్నీ చేయవలసి వచ్చింది.

ముందు సులువైన అనుమానాలు తీర్చుకున్నాం. ఎడమవైపు లోకాన్నే పట్టించుకోని నెగ్లెక్ట్ అనే స్థితి కుడి మెదడు దెబ్బల్లో మామూలే. దాన్ని చూపు పోవటంగా పొరబడే అవకాశం ఉంది. అడ్డగీత ఇచ్చి నట్టనడుమ గుర్తు పెట్టమంటే నెగ్లెక్ట్ ఉన్నవాళ్లు గుర్తును కుడివైపుకు జరిపేస్తారు, ఈయన మాత్రం కొంచెం ఎడమవైపుకు జరిపారు. సగం చూపు పోయినవారిలో సాధారణంగా కనపడేది ఇదే. కాగితం నిండా చుక్కలు వేసి కొట్టేయమంటే తల తిప్పుకుంటూ అన్నీ కొట్టేశారు. కాబట్టి ఇది నెగ్లెక్ట్ కాదు. హంఫ్రీ యంత్రం మీద చూపు విస్తీర్ణ పరీక్షలో రెండు కళ్లలోనూ ఎడమ సగం, నడిమి కొద్ది చోటు తప్ప, మొత్తం నల్లగా వచ్చింది.

నిలిచి ఉన్నది కనపడక, కదిలేది తెలిసే ఈ తేడాను మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనుక గాయపడిన సైనికుల్లో జార్జ్ రిడాక్ గమనించి 1917లో ప్రచురించాడు. నేటికీ ఇది ఆయన పేరుతోనే చెలామణిలో ఉంది. 1974లో వైస్క్రాంట్జ్, వారింగ్టన్ మొదలైనవారు డి.బి. అనే అక్షరాలతో పిలిచిన రోగిలో ఇంకాస్త ముందుకు వెళ్లారు. కుడి ఆక్సిపిటల్ లోబ్‌కు శస్త్రచికిత్స జరిగి ఎడమ సగం చూపు పోయిన ఆ మనిషి, నాకేమీ కనపడటం లేదంటూనే, బలవంతంగా ఊహించమంటే వెలుగు ఎక్కడ ఉందో వేలు పెట్టి చూపాడు, గీత నిలువో అడ్డమో చెప్పాడు. ‘బ్లైండ్‌సైట్’, గుడ్డి చూపు అని చెప్పదగ్గ మాట, అప్పుడే వాడుకలోకి వచ్చింది. మా రోగి ఆ కోవకే చెందుతాడా, లేక ఆయనకు మసకగా కనపడుతున్నదాన్నే ‘కనపడటం’ అనటానికి ఒప్పుకోవటం లేదా? ఈ రెండూ ఒకటి కావు. నా దృష్టిలో ఈ కేసు మొత్తం ఈ తేడా మీదే ఉంది.

జబ్బు మొదలైన మూడు వారాలకు, రెండు రోజుల్లో, మధ్యలో విరామాలిస్తూ ల్యాప్‌టాప్ మీద పరీక్షలు చేశాం. తెర నడుమ ఉన్న గుర్తునే చూస్తూ ఉండాలి. ఎడమ సగంలో ఒకచోట చుక్కల మచ్చ వస్తుంది లేదా రాదు. కంటి కదలికను కొలిచే యంత్రం మా దగ్గర లేదు. టెక్నీషియన్ ఎదురుగా కూర్చుని కళ్లనే గమనిస్తూ, చూపు జరిగిన ప్రతిసారీ ఆ ప్రయత్నాన్ని కొట్టేసి మళ్లీ చేయించింది. యంత్రమంత కచ్చితం కాదని ఒప్పుకుంటున్నాను.

మొదటి పద్ధతిలో ప్రశ్న ఇలా ఉంటుంది: ఇప్పుడు ఏమైనా వచ్చిందా, రాలేదా? నూరు ప్రయత్నాల్లో 50 సార్లు కదిలే చుక్కలు వచ్చాయి, 50 సార్లు తెర ఖాళీ. వచ్చిన 50లో ఆయన ‘వచ్చింది’ అన్నది 9 సార్లు, ఖాళీ 50లో ‘వచ్చింది’ అన్నది ఒక్కసారి. పైపైన చూసేవాళ్లు ఈ మనిషికి దాదాపు ఏమీ కనపడటం లేదనే అంటారు. రెండో పద్ధతిలో వెంటవెంటనే రెండు చిన్న వ్యవధులిచ్చి, చుక్కలు మొదటిదాంట్లో వచ్చాయా, రెండోదాంట్లో వచ్చాయా అని అడిగాం. ఏదో ఒకటి చెప్పి తీరాలి, తెలియదు అనే జవాబు లేదు. నూటికి 78 సరిగ్గా చెప్పారు. ఊరికే బొమ్మా బొరుసు వేసి చెప్పినా 50 వస్తాయి, అదృష్టం బాగుంటే 60 దాకా రావచ్చు. 78 అదృష్టం కాదు. అదే పరీక్ష కదలని చుక్కలతో చేస్తే 53 వచ్చాయి, అంటే బొమ్మా బొరుసే.

ఈ 53 దగ్గర ఒక్కమాట చెప్పాలి, ఎందుకంటే కొడుకు అనుమానానికి జవాబు ఇందులో ఉంది. కనపడుతున్నా కనపడనట్టు నటించేవాడు ఇలాంటి పరీక్షలో తరచూ కావాలని తప్పు చెబుతాడు. కావాలని తప్పు చెప్పాలంటే సరైనదేదో ముందు తెలియాలి, దానివల్ల మార్కులు 50 కంటే బాగా కిందికి, 30కో 25కో పడిపోతాయి. నిజంగా తెలియనివాడు 50 చుట్టూ తిరుగుతాడు. మా రోగి కదలని చుక్కల్లో 50 చుట్టూ ఉన్నారు, కదిలేవాటిలో పైన ఉన్నారు, ఎక్కడా కింద లేరు. ఆయన నటించటం లేదని కొడుక్కి అదే రోజు చెప్పాను.

వెలుగు చెదిరి బాగున్న కుడి సగంలో పడి, దాని ఆధారంగా చెబుతున్నారేమోనన్న అనుమానం కూడా మిగిలింది. డి.బి. విషయంలో వాడిన ఉపాయమే ఇక్కడా వాడాం. ఎడమ కంటి ముందు, ఎడమవైపు సుమారు 15 డిగ్రీల దగ్గర, ఆరోగ్యవంతుడికి కూడా ఏమీ కనపడని చోటు ఒకటి ఉంది, నరం కంటిని దాటి వెళ్లే చోటు అది. కుడి కన్ను కప్పి, చిన్న చుక్కల మచ్చను సరిగ్గా అక్కడ పడేలా చేస్తే 40కి 21 వచ్చాయి. అదే మచ్చను ఆ చోటు దాటించి కిందికి జరిపితే 40కి 30 వచ్చాయి. చెదిరిన వెలుగే కారణమైతే రెండుచోట్లా ఒకేలా ఉండాలి.

ఇప్పుడు మొదటి పద్ధతిలో వచ్చిన 9నీ, రెండో పద్ధతిలో వచ్చిన 78నీ ఒకే మనిషికి ఎలా అంటగట్టాలి? విరామంలో ఆయనే, తెలియకుండా, దారి చూపించారు. రొయ్యల గురించి అడిగితే ఉత్సాహంగా చెబుతారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళ కట్ట మీద టార్చి వేసుకుని నడుస్తూ, ఒడ్డున ఒకటి రెండు రొయ్యలు పైకి తేలినట్టు అనిపించినా సరే, నిజమా కాదా అని చూస్తూ నిలబడకుండా ఏరియేటర్లన్నీ వేసేస్తారట. కరెంటు లేకపోతే జనరేటర్ వేస్తారు. అనుమానం తప్పయితే పోయేది కాస్త డీజిల్. అనుమానం నిజమై ఊరుకుంటే తెల్లారేసరికి పంట మొత్తం పోతుంది. “అక్కడ అనిపిస్తే చాలు సార్, చూడాల్సిన పన్లే.” మరి ఇక్కడ మా తెర ముందు? “మీరు డాక్టర్లు. కనపడిందని చెప్పి కనపడకపోతే అబద్ధం గదా. ఏదో ఉన్నట్టుంది అంటే అది చూసినట్టు కాదు గదా.”

లోపల కలిగే సంకేతం ఒకటి, అది ఎంత బలంగా ఉంటే ‘ఉంది’ అనాలి అని మనిషి గీసుకునే గీత ఒకటి. సంకేతం ఇంద్రియాల పని. గీత లాభనష్టాల మీద, ఎదుటివాడి మీద, అబద్ధమాడకూడదన్న పట్టుదల మీద కూడా ఆధారపడుతుంది. రాడార్ తెరల మీద శత్రు విమానం చుక్కను గుర్తించే సమస్య నుంచి పుట్టి, 1950ల్లో మనస్తత్వ శాస్త్రంలోకి వచ్చిన సంకేత గుర్తింపు సిద్ధాంతం ఈ రెంటినీ విడదీసి కొలుస్తుంది. సరిగ్గా ‘ఉంది’ అన్నవి, లేకపోయినా ‘ఉంది’ అన్నవి, ఈ రెండు సంఖ్యలూ కలిపి చూస్తే సంకేతపు బలం డీ ప్రైమ్ అనే అంకెగా వస్తుంది, గీత ఎక్కడుందో విడిగా వస్తుంది. సరైనవి మాత్రమే లెక్కపెడితే ఈ రెండూ ఎప్పటికీ విడిపోవు.

రెండో రోజు మొదటి పద్ధతినే మళ్లీ చేయించి, ఒక్క మాట మాత్రం మార్చాను: “తెల్లవారుజామున గుంట కాడ ఎట్టా తేల్చుకుంటారో ఇక్కడా అట్టానే నొక్కండి.” ఈసారి చుక్కలు వచ్చిన 50లో 28 సార్లు ‘వచ్చింది’ అన్నారు, ఖాళీ 50లో 8 సార్లు ‘వచ్చింది’ అన్నారు. 9 నుంచి 28కి పెరగటం చూసి చూపు మెరుగైందని సంబరపడితే పొరపాటే, ఎందుకంటే తప్పుగా అన్నవి కూడా ఒకటి నుంచి ఎనిమిదికి పెరిగాయి. లెక్క కడితే డీ ప్రైమ్ మొదటి రోజు సుమారు 1.1, రెండో రోజు సుమారు 1.1. రెండు వ్యవధుల పద్ధతిలో వచ్చిన 78ని అదే కొలతలోకి మారిస్తే అదీ సుమారు 1.1. మూడు దారుల్లో వెళ్లినా సంకేతం అదే. గీత మాత్రం ఎంతో ఎత్తు నుంచి కిందికి దిగింది.

ఈ పొందికను చూసి మురిసిపోవద్దని నాకు నేనే చెప్పుకున్నాను. మొదటి రోజు ఖాళీ తెర మీద ఆయన ‘వచ్చింది’ అన్నది ఒకసారి కాక రెండుసార్లు అయి ఉంటే ఆ రోజు డీ ప్రైమ్ 1.1 బదులు 0.8 అయ్యేది. ఒక్క నొక్కుడు మీద అంత తేడా పడే చోట రెండో దశాంశం దాకా వాదించటం హాస్యాస్పదం. పైగా, చాలాకాలం పరిశోధనకు సహకరించిన జి.వై. అనే రోగిలో అజ్జోపార్డి, కోవీ 1997లో చూపించినది మా ఫలితానికి భిన్నంగా ఉంది. ఆ రోగిలో, ‘ఉందా, లేదా’ అని అడిగినప్పటి సున్నితత్వం, రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నప్పటి సున్నితత్వం కంటే తక్కువగా తేలింది, మామూలు చూపు ఉన్నవారిలో అలా జరగదు. అంటే గుడ్డి చూపు కేవలం గీత పైకి జరగటమేనని అందరి విషయంలో అనలేం. మా రోగిలో మాత్రం, మా దగ్గరున్న కొద్దిపాటి లెక్కల వరకు, గీత జరగటంతోనే సరిపోతోంది. ఈయన చూపు కదలిక విషయంలో పూర్తిగా పోలేదు, బలహీనపడింది. ఆ బలహీనమైన దాన్ని చూపుగా ఒప్పుకోవటానికి ఆయన సిద్ధంగా లేరు.

ఇక కొడుకు అడిగిన ప్రశ్న. స్కానులో తెలుస్తుందా? ఎమ్మారై గాయాన్ని చూపించింది, అంతే. మెదడు పని చేస్తుండగా తీసే స్కానులో ఎం.టి. వెలిగిందనుకుందాం. అప్పుడైనా ‘ఆయనకు కనపడుతోంది’ అని సంతకం పెట్టగలమా? ఇంద్రియ సమాచారం అందుకునే వల్కలంలో జరిగే చలనానికీ (అంటే అక్కడి నాడీకణాలు చురుకుగా స్పందించటానికీ), మనిషి చివరికి తేల్చే మాటకూ సంబంధం ఎంతటిదన్న ప్రశ్న మీద కోతుల్లో ముప్ఫై ఏళ్లకు పైగా పని జరిగింది, అది ఇక్కడ నేరుగా పనికొస్తుంది.

1989లో న్యూసమ్, బ్రిటెన్, మోవ్షన్ కోతులకు తెర మీద చెల్లాచెదురుగా కదిలే చుక్కలు చూపించారు. వాటిలో కొన్ని మాత్రమే ఒకే దిక్కుకు పోతుంటాయి, ఆ దిక్కేదో కోతి కంటిచూపుతో చెప్పాలి. అదే సమయంలో ఎం.టి.లో ఒక్కొక్క నాడీకణం స్పందననూ నమోదు చేశారు. ఆశ్చర్యం ఏమిటంటే, ఒంటరి కణం ఇచ్చే సమాచారంతో తీర్పు చెప్పినా, సగటున మొత్తం కోతి చెప్పినంత బాగా చెప్పవచ్చు. 1990లో సాల్జ్‌మన్, బ్రిటెన్, న్యూసమ్ ఆ కణాల దగ్గర సన్నని విద్యుత్తు పంపితే కోతి తీర్పు ఆ కణాలు ఎక్కువగా స్పందించే దిక్కుకు ఒరిగింది. అంటే ఎం.టి. చలనం తీర్పుతో పాటు నడిచే నీడ మాత్రమే కాదు, తీర్పును నడిపిస్తుంది. మా రోగిలో వి1 పోయినా ఎం.టి. బతికి ఉంది. మెదడు నడుమ ఉండే థలమస్ నుంచి వి1ను తప్పించుకుని నేరుగా ఎం.టి.కి వెళ్లే దారి ఒకటి ఉందని తెలుసు. పెద్ద కాలువ తెగినా పక్క పిల్లకాలువ నుంచి చివరి మడికి కాస్త నీరు చేరినట్టు, కదలిక సంకేతం ఆయనకు ఆ దారిన అందుతోందన్నది నా అంచనా. నిలిచి ఉన్న రూపాలకు అలాంటి దారి అంతగా లేదు కాబట్టే 78, 53 మధ్య తేడా.

అయితే మరో పక్క కూడా ఉంది. అదే చిత్రం, అదే చుక్కలు మళ్లీమళ్లీ చూపించినా కోతి ఒకసారి ఎడమ అంటుంది, ఒకసారి కుడి అంటుంది. ఆ ఊగిసలాటను ఒక్కో కణం ఊగిసలాటతో పోల్చి చూస్తే, కణం చూసి తీర్పును ఊహించగలిగేది ఎంత? అసలు సంబంధం లేకపోతే 0.5, పూర్తిగా ఉంటే 1. బ్రిటెన్ బృందం 1996లో చెప్పిన సగటు 0.56 దగ్గర ఉంది. అంత సమర్థమైన కణమే అయినా, తీర్పుతో దాని ముడి సన్నని దారం లాంటిదే. ఆ దారం కూడా ఒకే దిక్కుకు లాగటం లేదు. 2009లో నీన్‌బోర్గ్, కమింగ్ వి1 పక్కనే ఉండే దృశ్య ప్రాంతం వి2లో చూపించినదేమిటంటే, ఇంద్రియ కణాల్లో తీర్పుతో పాటు కనపడే చలనంలో కొంత భాగం పైనుంచి, తీర్పు వైపు నుంచి, కిందికి దిగివచ్చినదే. మనుషుల్లో రెస్, హీగర్ 2003లో చేసిన పరీక్ష మా ప్రశ్నకు మరింత దగ్గర: అతి మసక చిత్రం లేకపోయినా ఉందనుకున్నప్పుడు వి1లో చలనం, చిత్రం ఉండీ లేదనుకున్నప్పటి చలనం కంటే ఎక్కువగా ఉంది.

కాబట్టి స్కానులో దృశ్య ప్రాంతం వెలిగితే అది బయటి వస్తువు వెలిగించిందో, లోపలి ‘ఉంది’ అన్న నమ్మకం వెలిగించిందో ఆ వెలుగు ఒక్కటే చూసి చెప్పలేం. వెలగకపోతే, ఆయన గీత ఎత్తుగా ఉండి ‘లేదు’ అనుకున్నందుకు తగ్గిందేమో కూడా చెప్పలేం. ఇంద్రియ ప్రాంతం పంచాయితీలో సాక్షి లాంటిదే గానీ తీర్పు చెప్పే పెద్ద కాదు, పైగా పెద్దమనిషి మొహం చూసి మాట మార్చే సాక్షి. కొడుక్కి ఇంత వివరంగా చెప్పలేదు. స్కాను గాయాన్ని చూపిస్తుందే గానీ మనసులో గీతను చూపించదని, ఆయనకు ఎడమవైపు కదిలేవి లీలగా తెలుస్తున్నాయని, ఆ తెలియటాన్ని ఆయన చూపు అనటం లేదని, కుక్క వచ్చినప్పుడు కాళ్లు ఆయన మాట కోసం ఆగలేదని చెప్పాను.

మా వృత్తిలో వాళ్ల కోసం ఒక పక్కమాట. హంఫ్రీ పరీక్ష కూడా ఉందా లేదా అని అడిగే పరీక్షే. సెకనులో ఐదో వంతు సేపు వెలిగి ఆరిపోయే, కదలని చుక్క కనపడితే బటన్ నొక్కాలి. గీత ఎత్తుగా పెట్టుకునే మనిషికి, అందులోనూ నిలకడ వెలుగు తెలియక కదలిక మాత్రమే తెలిసేవారికి, అది ఉన్నదానికంటే నల్లని పటాన్ని ఇస్తుంది. మేం ఆ కాగితాన్ని ఎక్స్‌రే చూసినట్టు చూస్తాం. వేళ్లు లెక్కపెట్టించి ఊరుకోకుండా ఆడించి కూడా చూడటానికి అర నిమిషం చాలు.

చికిత్సలో మందుల తర్వాత ముఖ్యమైనది ఎడమవైపు వెతకటం నేర్పటం. కళ్లూ తలా పెద్దగా ఎడమకు తిప్పి, అంచు నుంచి లోపలికి వెతుక్కుంటూ రావటం రోజుకు రెండుపూటలా చేయించాం. పేపరు చదివేటప్పుడు వరస మొదలు దొరకటం లేదని విసుక్కుంటే, ఎడమ అంచున రంగు స్కేలు నిలిపి ఉంచమన్నాం. రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రే పైకి తీసినప్పుడు ఎడమ సగంలో మిగిలిన మేత కనపడక అంతా తినేశాయని లెక్కేస్తున్నట్టు భార్య పసిగట్టింది, ట్రేను కుడివైపు పెట్టుకుని చూడటం అలవాటు చేశారు. స్టార్టర్ బోర్డుల దగ్గరికి ఒంటరిగా వెళ్లవద్దని గట్టిగా చెప్పాం. అన్నిటికంటే పనికొచ్చిన సలహా మాత్రం పరీక్ష నుంచే పుట్టింది: ఎడమవైపు ఏదైనా అల్లాడినట్టు అనిపిస్తే, కనపడిందా లేదా అని తేల్చుకోకుండా, వెంటనే మెడ తిప్పి చూడండి. తప్పయితే పోయేది ఒక మెడ తిప్పు. గుంట దగ్గరి లెక్కే ఇది, అందుకే ఆయనకు ఒక్కసారి చెబితే పట్టుబడింది.

మూడు నెలలకు మళ్లీ వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషంగా ఉన్నారు. తలుపు రెక్కలకు, మంచం కోళ్లకు తగలటం దాదాపు ఆగిపోయింది. కొడుకు, “నాయనకు చూపు వచ్చేసింది సార్” అన్నాడు. హంఫ్రీ పటంలో కూడా ఎడమ కింది భాగంలో కొన్ని చుక్కలు తెల్లబడ్డాయి. కానీ అదే కాగితం మూలన, ఏమీ రానప్పుడు నొక్కిన తప్పుల శాతం మొదటిసారి సున్నా ఉన్నది 14 అయింది. 15 దాటితే ఆ పటాన్ని నమ్మకూడదని మేం అనుకుంటాం, ఇది గడప మీద నిలబడింది. చుక్కల పరీక్ష మళ్లీ చేస్తే వచ్చిన 50లో 31 సార్లు, ఖాళీ 50లో 9 సార్లు ‘వచ్చింది’ అన్నారు. డీ ప్రైమ్ 1.2. మూడు నెలల కిందటి 1.1కీ దీనికీ తేడా ఉందని నేను అనలేను. తొలి మూడు నెలల్లో సహజంగా కొంత కోలుకోవటం ఉంటుంది, మరికొందరిలో కదలిక మీద నెలల తరబడి సాధన చేయిస్తే చూపు కొంత తిరిగి వస్తుందని హక్స్‌లిన్ బృందం 2009లో చూపించింది. మా రోగిలో మాత్రం పెరిగింది చూపు అనటానికి నా దగ్గర ఆధారం లేదు. ఫైలులో నేను రాసింది ఇది: సంకేతం దాదాపు యథాతథం, గీత కిందికి దిగింది, దైనందిన పనులు స్పష్టంగా మెరుగయ్యాయి.

ఆయనకు దీన్ని ఎలా చెప్పాలో కాసేపు తోచలేదు. చూపు రాలేదంటే ఉత్సాహం చచ్చిపోయి మెడ తిప్పటం మానేస్తారేమో, వచ్చిందంటే అబద్ధం. ఎడమవైపు తెలిసేది అప్పుడెంతో ఇప్పుడూ అంతేనని, దాన్ని వాడుకోవటం మాత్రం బాగా వచ్చిందని చెప్పాను. “అంటే ఇప్పుడు నాకు కనపడతా ఉన్నట్టా, లేనట్టా?” అని సూటిగా అడిగారు. మీరేమంటారు అని తిప్పి అడిగితే, కొంచెం ఆలోచించి, “అప్పుడు దాన్ని కనపడటం అనేవాడిని కాదు, ఇప్పుడు అంటా ఉన్నా” అన్నారు. ముందు కూడా అంతే తెలిసేదా, మాట మాత్రమే మారిందా, లేక మాట మారాక ఆ తెలియటమే కొంచెం చూపులా మారిందా అన్నది నా పరీక్షలు విడదీయలేవు.

చివర్లో కోవూరు దాకా బండి మీద వెళ్లవచ్చా అని అడిగారు. కట్ట మీద నడిచేటప్పుడు అనుమానం వస్తే ఆగి మెడ తిప్పే వ్యవధి ఉంటుంది, బండి మీద ఉండదు. పైగా ఎదురుగా కదులుతూ వచ్చినవాటిలోనే 50కి 19 ఇంకా తప్పిపోతున్నాయి, ఆగి ఉన్న లారీ సంగతి సరేసరి. వద్దన్నాను. బండి కొడుకు నడుపుతున్నాడు, ఆయన వెనక కూర్చుంటున్నారు.